కాగు ఎంతసేపటికి మరుగును?

హైదరాబాదులోని బంజారా హిల్స్‌లో సినిమా చిత్రీకరణ జరుగుచోట, టీ నీళ్లకై 20 లీటర్ల కాగునకు 2 కిలోవాట్ల విద్యుత్ కడ్డీని ఎవరో స్వయముగా అమర్చుకొన్నారనుకొందము. నీరు ఎంతసేపటికి మరుగును?

ఆ రాతిగుట్టలు సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తున నున్నవి. అచ్చట గాలి ఒత్తిడి తక్కువ. కనుక నీరు 100 డిగ్రీలకు గాక ఇంచుమించు 98 సెంటిగ్రేడు డిగ్రీలకే మరుగును. కుళాయినీరు 28 డిగ్రీలున్నచో పెరుగవలసినది 70 డిగ్రీలు. కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు 4.19 కిలోజౌళ్లు కావలెను. 20 లీటర్లకు మొత్తము సుమారు 5,870 కిలోజౌళ్లు. కడ్డీ సెకనుకు 2 కిలోజౌళ్లు ఇచ్చును గనుక 49 నిమిషములు పట్టవలెను.

గడియారము సాధారణముగా ఈ లెక్కను మన్నింపదు. పాత్ర కొంత వేడిని త్రాగును. మూత లేనిచో ఆవిరితో మరికొంత పోవును. కిలోగ్రాము నీరు మరిగి ఆవిరి యగుటకే 2,257 కిలోజౌళ్లు కావలెనన్న, మూత విలువ తెలియును.

అంతకంటె పెద్ద దొంగ వోల్టేజి. 230 వోల్టులకు చేసిన కడ్డీకి 200 వోల్టులే అందినచో సామర్థ్యము ఎనిమిదవ వంతు తగ్గునని తోచును. తగ్గునది నాల్గవ వంతు! కడ్డీ నిరోధము దాదాపు మారదు; వోల్టేజితోపాటు కరెంటును తగ్గును. కావున సామర్థ్యము వోల్టేజి వర్గము ననుసరించును. 2 కిలోవాట్లు ఒకటిన్నరయై, 49 నిమిషములు 65 అగును. పాపము, నింద కడ్డీపై పడును.

ఈ కడ్డీ దాదాపు 9 ఆంపియర్లు లాగును. 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు దానికి చాలదు. ఎర్తు తీగ గల 16 ఆంపియర్లది కావలెను. లోహపు కాగునకు కూడ ఎర్తు తప్పదు. కడ్డీ నీట మునిగిన పిదపనే స్విచ్చి వేయవలెను. నీరు కాగినదో లేదో వ్రేలు ముంచి చూచు అలవాటున్నవారు ముందుగా ప్లగ్గు ఊడదీయవలెను; స్విచ్చి ఆర్పిన చాలదు.