ఆటలో పోయిన పొలం మళ్లీ ఎట్లా వచ్చింది?



ఆదివారం మనం సారు లాప్‌టాప్‌లో ఆడే స్టార్‌డ్యూ వ్యాలీ అందరికీ తెలుసు. 2016లో వచ్చిన ఈ పొలం ఆటను ఎరిక్ బరోన్ అనే ఆయన ఒక్కడే తయారు చేసినాడు. మొదట 15 దుంప విత్తనాలు ఇస్తారు. దున్నాలి, నాటాలి, నీళ్లు పోయాలి. 28 రోజులకు ఒక కాలం మారుతుంది. అక్కడ వానలు బాగా పడతాయి, మన పామిడి మాదిరి కాదు. మనం అందరం కలిసి ఆటలో రెండు సంవత్సరాలు సేద్యం చేసినాము.

పోయిన నెల ఆరో తరగతి చెల్లెలు ఆడతా ఉంటే కరెంటు పోయింది. ఆ లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు వచ్చినాక చూస్తే మన పొలం తెరుచుకోలేదు. అందరూ ఆ పాపను తిట్టినారు. నేను కూడా తిట్టినాను. ఆ రాత్రి ఆ పాప అన్నం తినలేదు.

తప్పు ఆ పాపది కాదు. ఈ ఆటలో మన మనిషి రాత్రి పండుకున్నప్పుడే ఆ రోజు లెక్కంతా ఫైలులో రాసుకుంటుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే రాత సగంలో ఆగిపోతుంది. ఆ ఫైలులో ప్రతి మొదలు గుర్తుకూ ఒక ముగింపు గుర్తు ఉండాలి. అది లేకపోతే ఆట చదవలేదు. పరీక్షలో జవాబు సగం రాస్తే సగం మార్కులన్నా వేస్తారు, కంప్యూటర్ అదీ వేయదు.

మరి పొలం ఎట్లా వచ్చిందంటే, ఈ ఆట ముందు రోజు ఫైలును పారేయదు. పేరు చివర ఇంగ్లీషులో 'ఓల్డ్' అని చేర్చి పక్కన పెట్టుకుంటుంది. సారు ఆట మూసేసి, యాప్‌డేటాలో స్టార్‌డ్యూవ్యాలీ, దాని లోపల సేవ్స్ అనే ఫోల్డర్ తెరిచి చూపించినాడు. ముందు మొత్తం ఫోల్డర్‌ను వేరే చోట కాపీ చేసినాడు, ఇది మరిచిపోకూడదు. తర్వాత చెడిపోయిన ఫైళ్లు తీసేసి, పాతవాటి పేర్లలో 'ఓల్డ్' అన్న మాట, దాని ముందరి అడ్డగీత చెరిపినాడు. ఆట తెరుచుకుంది! ఒక్క రోజు పని మాత్రమే పోయింది.

మా నాయన విత్తనం శెనక్కాయలు ఒక మూట ఇంట్లో, ఒక మూట అత్త వాళ్లింట్లో పెడతాడు. ఎలుకలు రెండు చోట్లా ఒకేసారి పడవు కదా. అందుకే ఇప్పుడు ఆట అయినాక ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో కాపీ చేస్తున్నాము. పెన్‌డ్రైవ్‌ను ఊరికే పీకకండి, 'ఎజెక్ట్' నొక్కి తీయండి. కరెంటు పోయే వేళకు ఆటలో ఎవరూ పండుకోకండి.

వచ్చే ఆదివారం మొదటి వంతు ఆ చెల్లెలిదే.

— 9వ తరగతి విద్యార్థిని