డాబా మీద చుక్కల లెక్క

వేసవి సెలవులు వచ్చినవంటే చిన్నపిల్లలకు ఆటలు, పెద్దలకు ఆవకాయలు, అప్పడాల పని. పదునాలుగు, పదునైదేండ్ల పిల్లలకు మాత్రం ఈ రెండింటిలోనూ చోటుండదు. తలుపు దగ్గరకు వేసుకొని, ఫోను చేతబట్టుకొని కూర్చుంటారు. పలకరిస్తే "ఊఁ" అంటారు. రెండు మూడేండ్లలో చదువులకని పొరుగూళ్ళకు పోవలసినవారే గనుక, వారితో కలిసి గడపగల వేసవులు మనకు వేళ్ళమీద లెక్కించదగినన్నే మిగిలి ఉన్నవి.

మా ఇంట ఈ చిక్కును కొంత విడదీసినది బరంపురం ఎండ. పగలంతా కాగిన గదులలో నిద్రపట్టదు. సాయంత్రం డాబా మీద నీళ్ళు చల్లి, ఆరిన తరువాత చాపలు పరచుకొంటాము. వెల్లకిలా పడుకొన్న పిల్లకు ఎవరి ముఖమూ చూడవలసిన పని లేదు. అందువల్లనే కాబోలు, పగలు నోరు విప్పని మా అమ్మాయి చీకటిలో మాట్లాడుతుంది.

ఒకనాడు ఉన్నట్టుండి అడిగింది: "మామ్మా, ఇంత పెద్ద విశ్వంలో మనమెంత? మనం లేకపోతే దానికేం లోటు?"

గొంతులో కొంచెం భయమున్నది. మామ్మ తొందరపడలేదు. "నీ వయసులో నేనూ అడిగానే తల్లీ. మా నాన్నకూ తెలియలేదు. నాకు నిద్రపట్టేదాకా పక్కన కూర్చున్నాడు" అన్నది.

ఆనాటినుండి రోజూ కొంతసేపు చుక్కలు చూడడం మొదలుపెట్టినాము. మే నెలలో రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకు ఉత్తరాన సప్తర్షులు ఎత్తుగా కనబడుతారు. నాలుగు చుక్కలు మంచపుకోళ్ళవలె, మూడు తోకవలె ఉంటవి. తోకలో నడిమివాడు వశిష్ఠుడు; అతనినంటి మినుకుమినుకుమనేది మన పెండ్లిండ్లలో చూపే అరుంధతి. ఆ తోక వంపును అలాగే సాగదీస్తే ఎర్రని స్వాతి, ఇంకా సాగదీస్తే తెల్లని చిత్త. పున్నమినాటి చంద్రుడు ఈ చిత్త దాపున ఉండే నెలయే చైత్రమైనది. బడిలో ఒడియా, ఇంగ్లీషు చదివే పిల్లకు మన నెలల పేర్లకు అర్థం ఆకాశంలో దొరికింది.

వెలుగు నడిచివచ్చే కాలం చెప్పితే పిల్ల లేచి కూర్చున్నది. స్వాతినుండి వెలుగు రావడానికి సుమారు 37 ఏండ్లు: వాళ్ళ నాన్న పలక పట్టుకొని బడికి పోయేనాటిది. అరుంధతినుండి సుమారు 80 ఏండ్లు: మామ్మ పుట్టకముందే బయలుదేరినది. చిత్తనుండి సుమారు 250 ఏండ్లు. అంతకాలం క్రిందటి మన పూర్వుల పేర్లు ఏ ఇంటనూ గుర్తుండవు. వారినాటి వెలుగు మాత్రం ఇప్పుడు మన చాప మీద పడుతున్నది.

మనమున్న ఒడిశాలోనే, ఖండపడాలో 1835లో పుట్టిన పఠాణి సామంత చంద్రశేఖరులకు బాల్యంలో చుక్కలు చూపినవారు ఇంటి పెద్దలే. దూరదర్శిని లేకుండా, వెదురుతోను కఱ్ఱతోను చేసుకొన్న సాధనాలతో గ్రహగతులు కొలిచి, సంస్కృతంలో 'సిద్ధాంత దర్పణం' రచించినారు. అది 1899లో కలకత్తాలో అచ్చయినది. ఈ సంగతి విన్న మరునాడు మా పిల్ల బద్దకు దారం, దారానికి రాయి కట్టి ధ్రువుని ఎత్తు కొలవబోయింది. బరంపురంలో అది సుమారు 19 డిగ్రీలు.

మనమెంత అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉన్నది. విశ్వం వయస్సు సుమారు 1380 కోట్ల ఏండ్లని శాస్త్రజ్ఞుల లెక్క. మన నెత్తుటిలోని ఇనుము, ఎముకలలోని సున్నపు ధాతువు సూర్యుడు పుట్టకముందు వెలిగి ఆరిన నక్షత్రాలలో తయారైనవని కూడా వారే చెప్పుతారు. "అయితే మనం దానికి పరాయివాళ్ళం కాదన్నమాట" అన్నది పిల్ల. అంతకుమించి మేమూ చెప్పలేదు.

చదువరులు ఈ వేసవిలో ఒక పని చేయవచ్చును. అమావాస్యకు అటూ ఇటూ నాలుగు రాత్రులు ఎన్నుకోండి. డాబా దీపం ఆర్పి, ఫోనులన్నీ, పెద్దలవి కూడా, క్రింద ఉంచిరండి. కండ్లు చీకటికి అలవాటుపడడానికి ఇరువై నిమిషాలు పడుతుంది. మాటలకు కూడా అంతే పడుతుంది. తొందరపెట్టకండి.