'నీట్షే' ఇంటిపేరు: పుట్టుక, అర్థం, వ్యాప్తి - ఒక నామశాస్త్ర పరిశీలన

వ్యాససంగ్రహం:

జర్మన్ తత్త్వవేత్త ఫ్రీడ్రిష్ నీట్షే (1844-1900) పేరు తెలుగు పాఠకులకు పరిచితమే. ఆయన ఇంటిపేరు మాత్రం జర్మనీలోనే అరుదైనది. ఈ పేరు నికొలాస్ అనే క్రైస్తవ నామానికి తూర్పు మధ్య జర్మన్ ప్రాంతంలో ఏర్పడిన ముద్దుపేరు నుంచి పుట్టింది. దాని ప్రత్యయంలో స్లావిక్ భాషల ప్రభావం, వర్ణక్రమంలో సాక్సనీ ప్రాంతపు లేఖకుల అలవాటు కనిపిస్తాయి. ఈ పేరు పుట్టుకను, అర్థాన్ని, భౌగోళిక వ్యాప్తిని వివరించి, ఇంటిపేరు ఆధారంగా వంశాన్ని నిర్ణయించవచ్చునా అనే ప్రశ్నను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఇంటిపేరు, నామశాస్త్రం, నీట్షే, నికొలాస్, సోర్బులు, సాక్సనీ, భాషాసంపర్కం.

1. ఉపోద్ఘాతం:

తెలుగు రచనలలో ఈ తత్త్వవేత్త పేరు నీషే, నీట్షే, నీచ్చే అని పలు రూపాలలో కనిపిస్తుంది. జర్మన్ ఉచ్చారణ నిఘంటువులు కూడా ఈ పేరుకు ఒకటికి మించి ఉచ్చారణలు ఇస్తాయి కాబట్టి ఈ వైవిధ్యంలో ఆశ్చర్యం లేదు. సౌలభ్యం కోసం ఈ వ్యాసంలో 'నీట్షే' అనే రూపాన్నే వాడుతున్నాను.

తెలుగు చెవికి ఈ పేరు వినగానే 'నీచ' శబ్దం స్ఫురించవచ్చు. ఆయన నిహిలిజాన్ని చర్చించిన తాత్త్వికుడు కనుక 'శూన్యం' అనే అర్థమిచ్చే లాటిన్ పదం 'నిహిల్'తో దీనిని ముడిపెట్టాలనీ అనిపించవచ్చు. ఈ రెండింటితోనూ ఈ పేరుకు సంబంధం లేదు. ధ్వనిసామ్యం ఒక్కటే వ్యుత్పత్తికి ఆధారం కాదు. పేరు ఏ కాలంలో, ఏ ప్రాంతంలో, ఏ రూపంలో నమోదైందో చూసిన తరువాతనే దాని అర్థాన్ని నిర్ణయించాలి.

2. జర్మన్ ఇంటిపేర్ల నేపథ్యం:

జర్మన్ భాషాప్రాంతంలో వంశపారంపర్యంగా వచ్చే ఇంటిపేర్లు 12వ శతాబ్ది నుంచి దక్షిణ, పశ్చిమ నగరాలలో స్థిరపడడం మొదలైంది. తూర్పు, ఉత్తర ప్రాంతాలకు, పల్లెలకు ఈ ఆచారం క్రమంగా విస్తరించింది. నగరాలలో జనం పెరిగి, ఒకే పేరున్నవారు ఎక్కువైనప్పుడు, ఆస్తిపత్రాలలోనూ పన్నుల చిట్టాలలోనూ ఒకరిని మరొకరి నుంచి వేరుచేయడానికి రెండవ పేరు అవసరమైంది.

నామశాస్త్రజ్ఞులు జర్మన్ ఇంటిపేర్లను సాధారణంగా ఐదు వర్గాలుగా విభజిస్తారు. అవి: వ్యక్తినామం నుంచి వచ్చినవి, వృత్తి నుంచి వచ్చినవి, విడిచి వచ్చిన ఊరిని తెలిపేవి, నివసించే చోటి గుర్తును తెలిపేవి, శరీర లక్షణాన్నో స్వభావాన్నో తెలిపేవి. పిండిమర వృత్తిని తెలిపే 'ముల్లర్' జర్మనీలో అత్యధికంగా వినిపించే ఇంటిపేరు. 'నీట్షే' వీటిలో మొదటి వర్గానికి చెందుతుంది. అంటే దాని మూలం ఒక మనిషి పేరు.

3. అర్థం - నికొలాస్ నుంచి నీట్షే వరకు:

'నికొలాస్' గ్రీకు పేరు. అందులో 'విజయం', 'జనం' అనే అర్థాలిచ్చే రెండు పదాలున్నాయి. మైరా నగర బిషప్పు అయిన సెయింట్ నికొలాస్ అస్థికలను 1087లో ఇటలీలోని బారి నగరానికి తరలించిన తరువాత పశ్చిమ ఐరోపాలో ఆయన ఆరాధన బాగా వ్యాపించింది. వర్తకులు, నావికులు ఆయనను తమ రక్షకుడిగా భావించారు. మధ్యయుగం చివరి శతాబ్దాలలో జర్మన్లు పాత జర్మానిక్ పేర్ల స్థానంలో పునీతుల పేర్లు పెట్టుకోవడం పెరిగింది. అప్పుడు ఎక్కువ ఆదరణ పొందిన పేర్లలో నికొలాస్ ఒకటి.

ఇంత ప్రచారంలో ఉన్న పేరు ఇళ్లలో, వీధులలో పూర్తిరూపంలో నిలవదు. కొన్నిచోట్ల తొలి అక్షరం జారిపోయి 'క్లౌస్', 'క్లాస్' అయింది. మరికొన్నిచోట్ల చివరి భాగం పోయి 'నికెల్' అయింది. లౌజిట్స్, సైలీషియా, సాక్సనీ ప్రాంతాలలో తొలి అక్షరం నిలిచి, దానికి 'ట్ష్' ధ్వని గల ప్రత్యయం చేరి 'నిట్షే' అయింది.

ఈ ప్రత్యయం వెనుక ఆ నేల చరిత్ర ఉంది. ఎల్బ్, జాలె నదుల పరిసర ప్రాంతాలలో జర్మన్ వలసలకు ముందే స్లావిక్ జనులు స్థిరపడ్డారు. వారిలో సోర్బులు ముఖ్యులు. 12, 13 శతాబ్దాలలో పశ్చిమం నుంచి జర్మన్ రైతులు, చేతివృత్తులవారు పెద్దసంఖ్యలో వచ్చి అక్కడ ఊళ్లు కట్టుకున్నారు. రెండు భాషలవారూ ఇరుగుపొరుగున జీవించారు. పేరులోని తొలి భాగాన్ని మాత్రం ఉంచి, దానికి 'ష్', 'చ్' వంటి ధ్వనిని చేర్చి ముద్దుపేరు చేయడం స్లావిక్ భాషల పద్ధతి. ఆ పద్ధతిని జర్మన్ మాట్లాడేవారూ అందుకున్నారు.

నీట్షే ఒక్కటే ఇలా ఏర్పడలేదు. యోహానెస్ అనే పేరుకు స్లావిక్ రూపమైన 'యాన్' నుంచి 'యెంట్ష్', పీటర్ నుంచి 'పీట్ష్' వచ్చాయి. అచ్చమైన జర్మానిక్ పేరు ఫ్రీడ్రిష్ నుంచి కూడా 'ఫ్రిట్షే' ఏర్పడింది. ఈ చివరి ఉదాహరణ ముఖ్యమైనది. పేరు జర్మన్‌దైనా ప్రత్యయం పొరుగు భాష పద్ధతిలో చేరగలదని అది చూపుతుంది.

నీట్షేలోనూ ఇలాంటి మిశ్రమమే కనిపిస్తుంది. చెక్ భాషలో నికొలాస్ 'మికులాష్' అయింది, పోలిష్ భాషలో 'మికొవాయ్' అయింది. రెండింటిలోనూ తొలి నకారం మకారంగా మారింది. నీట్షేలో నకారం నిలిచి ఉంది. కనుక ప్రకృతి లాటిన్-జర్మన్ చర్చి సంప్రదాయం నుంచి, ప్రత్యయం స్లావిక్ వాడుక నుంచి వచ్చాయని భావించడం సమంజసం. చివర నిలిచిన 'ఎ' కూడా తూర్పు మధ్య జర్మన్ లక్షణమే. దక్షిణాన 'కున్‌ట్స్', 'హైన్‌ట్స్' అని ముగిసే పేర్లు ఇక్కడ 'కున్‌ట్సె', 'హైన్‌ట్సె' అవుతాయి.

4. వర్ణక్రమం - లేఖకుని పాత్ర:

ఈ పేరును రోమన్ లిపిలో రాసేటప్పుడు మధ్యలో టి, జెడ్, ఎస్, సి, హెచ్ అనే ఐదు అక్షరాలు వరుసగా వస్తాయి. ఈ ఐదూ కలిసి సూచించేది దాదాపు మన 'చ'కారాన్నే. ఆ ధ్వనికి జర్మన్‌లో జెడ్ లేని నాలుగక్షరాల రాత సరిపోతుంది. జెడ్‌ను చేర్చి రాయడం సాక్సనీ, దాని పరిసరాల ప్రత్యేకత. డెలిట్ష్ అనే పట్టణం, లైప్‌త్సిగ్ నగరంలోని లాయిట్ష్ అనే పేట ఇదే అక్షరవరుసతో ముగుస్తాయి. స్లావిక్ ధ్వనులను లాటిన్ అక్షరాలలో ఇమడ్చడానికి అక్కడి లేఖకులు చేసిన ప్రయత్నం ఆ రాతలో మిగిలింది.

దీర్ఘం కూడా లేఖనానికి సంబంధించినదే. ఐ తరువాత ఇ అక్షరం రాస్తే 'నీ' అని దీర్ఘం, రాయకపోతే 'ని' అని హ్రస్వం. ఈ రెండు ఐచ్ఛికాల కలయిక వల్ల ఒకే మూలం నుంచి నాలుగు రకాల రాతలు సాధ్యమవుతాయి: హ్రస్వంతో జెడ్ లేనిది, హ్రస్వంతో జెడ్ ఉన్నది, దీర్ఘంతో జెడ్ లేనిది, దీర్ఘంతో జెడ్ ఉన్నది. తత్త్వవేత్త పేరు ఈ నాలుగవ రకానికి చెందుతుంది. వీటికి తోడు 'క' ప్రత్యయం చేరిన 'నిట్ష్కె' మరొక ప్రధాన రూపం. మన లిపి ధ్వనిని అనుసరించేది కాబట్టి జెడ్ ఉన్న రూపానికీ లేని రూపానికీ తేడాను తెలుగులో చూపలేము. అందువల్లనే ఇక్కడ అక్షరాల పేర్లతో వివరించవలసి వచ్చింది.

పూర్వం చర్చి రిజిస్టర్లలో పాస్టరు తాను విన్నట్లు, తనకు అలవాటైనట్లు పేరు రాసేవాడు. ఒకే కుటుంబంలో తండ్రి పేరు ఒక విధంగా, కొడుకు పేరు మరొక విధంగా నమోదు కావడం అప్పట్లో అసాధారణం కాదు. 1876 జనవరి 1 నుంచి జర్మన్ సామ్రాజ్యమంతటా జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు అమలులోకి వచ్చింది. దానితో అప్పటికి వాడుకలో ఉన్న రాత చట్టబద్ధంగా స్థిరపడింది. కనుక 'నీట్షే' అరుదైన ఇంటిపేరు కావడానికి కారణం ఆ మూలం నుంచి వచ్చిన కుటుంబాలు తక్కువ కావడం కాదు. అనేక రాతలలో ఒకానొక రాత కొద్ది కుటుంబాలలో మాత్రమే నిలవడం.

5. భౌగోళిక వ్యాప్తి:

జర్మన్ ఇంటిపేర్ల వ్యాప్తిని తెలుసుకోవడానికి ప్రధాన ఆధారం 'జర్మన్ ఇంటిపేర్ల అట్లాసు'. కొన్రాడ్ కున్‌ట్సె, డమారిస్ న్యూబ్లింగ్ సంపాదకత్వంలో 2009-2018 మధ్య ఇది ఏడు సంపుటాలుగా వెలువడింది. దీనికి 2005 నాటి ఇళ్ల టెలిఫోన్ కనెక్షన్ల వివరాలు ఆధారం. మైన్‌ట్స్ నగరంలోని అకాడెమీ ఆధ్వర్యంలో 2012లో మొదలైన డిజిటల్ ఇంటిపేర్ల నిఘంటువు ఈ కృషికి కొనసాగింపు.

టెలిఫోన్ కనెక్షన్ ఇంటికి ఒకటి ఉంటుంది, మనిషికి ఒకటి కాదు. కనుక ఆ లెక్క జనాభా లెక్క కాదు. పైగా పెద్ద నగరాలలో ఏ పేరైనా ఎక్కువసార్లు కనిపిస్తుంది. అందువల్ల మొత్తం సంఖ్యతోపాటు, ఆ ప్రాంతపు కనెక్షన్లలో ఆ పేరు ఎన్నో వంతు అన్నది కూడా చూడాలి. బెర్లిన్‌లో ఒక పేరు ఎక్కువసార్లు దొరికినంత మాత్రాన అది బెర్లిన్ పేరు అయిపోదు.

ఈ పేర్ల కుటుంబంలో జెడ్ ఉన్న రూపాలు నేటికీ సాక్సనీ, దాని పొరుగు ప్రాంతాలలోనే దట్టంగా ఉన్నాయి. తత్త్వవేత్త జన్మించిన రోకెన్ గ్రామం కూడా ఈ పరిధిలోనే, లైప్‌త్సిగ్‌కు నైరుతి దిక్కున ఉంది. జెడ్ లేని హ్రస్వ రూపం మాత్రం జర్మనీ అంతటా చెదిరి ఉంది. దీనికి కారణం భాషలో లేదు, చరిత్రలో ఉంది. ఆ రూపానికి ముఖ్యమైన నెలవు సైలీషియా. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఆ ప్రాంతంలో అధికభాగం పోలండ్‌లో చేరింది. అక్కడి జర్మన్లను లక్షలాదిగా వెళ్లగొట్టారు. వారు తూర్పు, పశ్చిమ జర్మనీలలో ఎక్కడ ఆశ్రయం దొరికితే అక్కడ స్థిరపడ్డారు. 2005 నాటి పటంలో బవేరియాలోనో రైన్ తీరంలోనో కనిపించే చుక్క ఆ పేరు పుట్టిన చోటును సూచించదు. 1945 తరువాత ఒక కుటుంబం తలదాచుకున్న చోటును సూచిస్తుంది. అందుకే పరిశోధకులు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో చనిపోయిన, గాయపడిన సైనికుల జాబితాలలోని ఊళ్ల పేర్లను కూడా సరిపోల్చి చూస్తారు. అవి వెళ్లగొట్టడానికి ముందున్న స్థితిని చూపుతాయి.

6. పేరు - వంశం:

తన పూర్వులు పోలండ్ కులీనులని నీట్షే నమ్మాడు. 1888లో రాసి, ఆయన మరణానంతరం 1908లో ప్రచురితమైన ఆత్మకథాత్మక గ్రంథం 'ఎక్కే హోమో'లోనూ ఆ మాట చెప్పుకున్నాడు. తన కాలపు జర్మన్ జాతీయతావాదం పట్ల ఆయనకున్న అసహ్యానికి ఈ నమ్మకం బలమిచ్చింది. పేరులోని స్లావిక్ ధ్వని దానికి అనుకూలంగా తోచింది. అయితే ఆయన బంధువు, వైమార్‌లోని నీట్షే ఆర్కైవ్‌లో పనిచేసిన మాక్స్ ఓలర్ తయారుచేసిన వంశపట్టికలో పోలిష్ కులీనులెవరూ కనిపించలేదు. తండ్రి, తాత చర్చి సేవలో ఉన్నవారు. పై తరాలవారి పేర్లూ జర్మన్ పేర్లే.

ఇక్కడ రెండు విధాలుగా పొరబడే అవకాశం ఉంది. ప్రత్యయం స్లావిక్ కనుక వంశం స్లావిక్ అనడం ఒక పొరపాటు. వలస వచ్చిన జర్మన్ కుటుంబం కూడా తన బిడ్డను పొరుగువారిలాగే 'నిట్షే' అని పిలిచి ఉండవచ్చు. పట్టికలో జర్మన్ పేర్లే ఉన్నాయి కనుక స్లావిక్ రక్తం లేదనడం రెండవ పొరపాటు. సోర్బు కుటుంబాలెన్నో కాలక్రమంలో జర్మన్ భాషను, జర్మన్ పేర్లను స్వీకరించాయి.

ఈ చర్చ కేవలం పాండిత్య విషయం కాదు. 1933 తరువాత నాజీ ప్రభుత్వం పౌరుల నుంచి వంశధ్రువీకరణ పత్రాలు అడిగింది. స్లావిక్ మూలం గల ఊరిపేర్లను మార్చింది. లౌజిట్స్‌లో సోర్బ్ భాషలో 'నల్లని అడవి' అనే అర్థం గల షోర్నెగొస్డా గ్రామం మరో గ్రామంతో కలిసి 1936లో 'ష్వార్ట్‌స్‌హైడె' అనే జర్మన్ పేరు పొందింది. సోర్బుల సంస్థ 'దొమొవినా' 1937లో నిషేధానికి గురైంది. పేరును రక్తానికి సాక్ష్యంగా చదివిన రాజ్యం ఆ భాష ఆనవాళ్లనే తుడిచివేయబోయింది. అయినా వందల ఏళ్లుగా జర్మన్ ఇంటిపేర్లలో కలిసిపోయిన ఆ చిన్న ప్రత్యయం నేటికీ నిలిచే ఉంది.

7. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. 'నీట్షే' వ్యక్తినామం నుంచి ఏర్పడిన ఇంటిపేరు. దాని మూలం 'నికొలాస్'.

2. దాని ప్రత్యయం జర్మన్-స్లావిక్ భాషాసంపర్కానికి నిదర్శనం. ఆ సంపర్కం ఊరిది, ప్రాంతానిది. దానిని ఒక్కొక్క కుటుంబానికి ఆపాదించరాదు.

3. ఆ పేరు అరుదు కావడానికి ప్రధాన కారణం లేఖన వైవిధ్యం.

4. నేటి వ్యాప్తి పటంలో పేరు పుట్టిన చోటు, తరువాతి వలసలు కలిసి ఉంటాయి. వాటిని విడదీయకుండా చదవరాదు.

5. వంశాన్ని నిర్ధారించవలసింది రిజిస్టర్లు, దస్తావేజులు. ఇంటిపేరు వ్యుత్పత్తి ఆ పని చేయలేదు.

తెలుగు ఇంటిపేర్ల పరిశోధనకూ ఈ జాగ్రత్త అవసరమే. ఒకే ఇంటిపేరు భిన్న కులాలలో, భిన్న గోత్రాలలో కనిపించడం మనకు అనుభవంలో ఉన్నదే. ఊరిపేరు ఇంటిపేరైనప్పుడు అది ఆ కుటుంబం ఒకప్పుడు ఏ ఊరితో గుర్తింపు పొందిందో చెబుతుంది. ఆ ఊరి నుంచి వచ్చినవారందరూ ఒకే వంశమని మాత్రం చెప్పదు. ఇంటిపేరులో మొదట వెతకవలసింది దానిని పలికినవారి భాషను, రాసినవారి అలవాటును, మోసుకుపోయినవారి ప్రయాణాన్ని. ఆ తరువాతనే వంశం సంగతి.