పోపు రాయబారి చేతిలో ఏముంది? దళిత కథోలికులు ఏ తలుపు తట్టాలి?

రామగుండం, గోదావరిఖని బొగ్గుబాయి బస్తీల్లో దళిత క్రైస్తవులకు రెండు అడ్డుగోడలు ఉన్నాయి. మొదటిది ప్రభుత్వం కట్టింది. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దారి తెరిచింది. క్రైస్తవులకు, ముస్లింలకు నేటికీ తెరవలేదు. తెలంగాణలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారినవారు బీసీ-సీ కింద 1 శాతం కోటాకే పరిమితం. సింగరేణిలో ఎస్సీ పోస్టుకు దరఖాస్తు పెట్టాలంటే జ్ఞానస్నానం సంగతి దాచుకోవలసిన పరిస్థితి.

రెండో గోడ శ్రీసభ లోపలే ఉంది. భారత కథోలిక బిషప్‌ల సమాఖ్య 2016 డిసెంబరులో విడుదల చేసిన దళిత సాధికారత విధానమే ఈ మాట ఒప్పుకుంది: సుమారు 1.9 కోట్ల కథోలికుల్లో 1.2 కోట్ల మంది దళితులు, నాయకత్వంలో వారి వాటా అతి తక్కువ.

ఈ రెండింటిలో పోపు రాయబారి ఏం చేయగలడు?

నున్షియో అని పిలిచే ఈ రాయబారి కార్యాలయం ఢిల్లీలోని చాణక్యపురిలో ఉంది. భారత్, వాటికన్ దౌత్య సంబంధాలు 1948లో మొదలయ్యాయి. 2021లో లియోపోల్డో జిరెల్లి ఈ పదవిలో నియమితులయ్యారు. ఆయనవి రెండు పాత్రలు. ఒకటి, దేశాల మధ్య రాయబారి. 1961 వియన్నా ఒప్పందం ప్రకారం ఏ రాయబారీ ఆతిథ్య దేశ అంతర్గత వ్యవహారాల్లో జోక్యం చేసుకోకూడదు. కాబట్టి మూడో పేరాను రద్దు చేయించడం ఆయన పని కాదు. అది పార్లమెంటు, సుప్రీంకోర్టు తలుపుల దగ్గర మనం చేయాల్సిన పోరాటం.

రెండోది, పోపుకూ ఇక్కడి శ్రీసభకూ మధ్య ప్రతినిధి. అసలు అధికారం ఇక్కడే ఉంది. ఒక మేత్రాసనానికి బిషప్ కావాలంటే నున్షియో విచారణ జరిపి, మూడు పేర్లు తన అభిప్రాయంతో సహా రోముకు పంపుతాడు. తుది నిర్ణయం పోపుది. రామగుండం వరంగల్ మేత్రాసనంలో ఉంది కనుక ఇక్కడికి ఈ పద్ధతే వర్తిస్తుంది. గోదావరి దాటి మంచిర్యాల వైపు వెళ్తే లెక్క మారుతుంది. అక్కడ సిరో-మలబార్ సభకు చెందిన ఆదిలాబాద్ మేత్రాసనం ఉంది. ఆ సభ బిషప్‌ల ఎంపికలో సొంత సినడ్‌దే ప్రధాన పాత్ర.

విచారణలో ఎవరిని అడుగుతారు? శ్రీసభ చట్టం 377వ నిబంధన ప్రకారం ఆ ప్రాంత బిషప్‌లను, కొందరు గురువులను అడగాలి. అవసరమనుకుంటే విశ్వాసుల్లోంచి కూడా కొందరి అభిప్రాయం విడివిడిగా, రహస్యంగా తీసుకోవచ్చు. ఆ "అవసరమనుకుంటే" అన్న మాట దగ్గరే దళితులు ఆగిపోతున్నారు. అడిగేవారెవరో, ఎవరిని అడిగారో, ఏం రాశారో బయటికి రాదు. రహస్యం వ్యక్తుల పరువును కాపాడవచ్చు. కానీ కులం కూడా అదే చాటున దాక్కుంటుంది.

మార్పు అసాధ్యమేమీ కాదు. 2000లో మారంపూడి జోజి హైదరాబాద్ అగ్రపీఠాధిపతి అయ్యారు. అదే పీఠం నుంచి 2022లో పూల ఆంథోని తొలి దళిత కార్డినల్ అయ్యారు. ఈ ఘనత మనందరిదీ. అయితే ఒకరిద్దరు పైకి వెళ్ళినంత మాత్రాన ఎంపిక పద్ధతి మారినట్టు కాదు.

అందుకే మేము అంటున్నది ఇది. రిజర్వేషన్ వినతిపత్రం ఢిల్లీ ప్రభుత్వానికి ఇవ్వాలి. నున్షియోకు ఇచ్చే వినతిపత్రంలో వేరే డిమాండ్ ఉండాలి: బిషప్ ఎంపిక విచారణలో దళిత గురువులను, కన్యస్త్రీలను, బస్తీల్లోని విశ్వాసులను తప్పనిసరిగా అడగాలి. ఎవరు ఏం చెప్పారో రహస్యంగానే ఉంచండి. ఎంతమంది దళితులను అడిగారో మాత్రం చెప్పండి. ఇందుకు పార్లమెంటు ఆమోదం అక్కర్లేదు.