ఓటు మెషిన్ల కాంట్రాక్ట్‌ని కోర్టు ఎందుకు కొట్టేసింది?

ఈరోజు ఫిలిప్పీన్స్ వెళ్దాం. 2003లో అక్కడి ఎన్నికల సంఘం కోమెలెక్, ఓట్లు లెక్కపెట్టే 1,991 మెషిన్ల కాంట్రాక్ట్ ఇచ్చింది. విలువ 100 కోట్ల పెసోలకు పైనే. కొందరు సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2004 జనవరి 13న కోర్టు ఆ కాంట్రాక్ట్ చెల్లదంది.

ఎందుకు? ఒకటి, బిడ్ వేసింది కొన్ని కంపెనీల కూటమి అన్నారు. కానీ వాళ్ల మధ్య ఒప్పందం ఉన్నట్టు బిడ్‌లో కాగితమే లేదు. సంతకం చేసిన మెగా పసిఫిక్ కంపెనీ బిడ్‌కి 11 రోజుల ముందే పుట్టింది!

రెండు, కచ్చితత్వం 99.9995 శాతం ఉండాలి. అంటే 2 లక్షల గుర్తులకి ఒక్క తప్పు. మెషిన్లు ఆ టెస్ట్ దాటలేదు.

మూడు, ఒకసారి ఎక్కించిన ఫలితాన్ని మళ్లీ ఎక్కిస్తే సాఫ్ట్‌వేర్ పసిగట్టలేదు. కోడ్ రాసేవాళ్లకి తెలుసు, డూప్లికేట్ చెక్ అనేది బేసిక్. ఇక్కడ అది లేకపోతే అవే ఓట్లు రెండుసార్లు పడతాయి.

అప్పటికి ఎన్నికలకి నాలుగు నెలలే టైముంది. దాంతో ఆ మే నెలలో చేత్తోనే లెక్కపెట్టారు. మెషిన్లు గోడౌన్‌కి పోయాయి.

అలాగని కోర్టు టెక్నాలజీకి అడ్డం కాదు. 2009లో స్మార్ట్‌మాటిక్ కాంట్రాక్ట్‌ మీద కేసు వేస్తే కొట్టేసింది. 2010 ఎన్నికలు మెషిన్లతోనే జరిగాయి.

కాబట్టి మెషిన్ మంచిదా అని అడిగితే సరిపోదు. ఎవరు కొన్నారు, ఏ రూల్‌తో కొన్నారు, టెస్ట్ రిపోర్ట్ ఏది అని కూడా అడగాలి.