మాత్రకు లొంగని మంట

మూత్రానికి వెళ్తే మంట. ‘వేడి చేసిందేమో’ అనుకుని బార్లీ నీళ్లు, సబ్జా గింజలు తాగుతుంది. మర్నాటికీ తగ్గకపోతే ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మందుల షాపుకు వెళ్లి, గొంతు తగ్గించి అడుగుతుంది. చీటీ లేకుండానే నాలుగు మాత్రలు చేతిలో పెడతారు. రెండు వేసుకోగానే మంట తగ్గితే, మిగతా రెండూ మళ్లీ వచ్చినప్పుడు పనికొస్తాయని దాచుకుంటుంది. మన ఇళ్లలో ఎందరో ఆడవాళ్లు చేస్తున్నది ఇదే.

దాదాపు సగం మంది స్త్రీలకు జీవితంలో ఒక్కసారైనా యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తుంది. స్త్రీలలో మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే. పేగుల్లో ఉండే ఇ.కోలై బ్యాక్టీరియా మూత్రాశయం దాకా పాకడం తేలిక. ఇక బస్టాండులో మరుగుదొడ్డిని చూసి భయపడో, పనిచేసే చోట అది అసలు లేకో, నీళ్లు తాగడమే మానేసేవాళ్లెందరు! తరచూ ఇన్ఫెక్షన్ వచ్చే, నీళ్లు తక్కువ తాగే స్త్రీలు రోజూ మరో లీటరున్నర తాగితే ఆ బాధ దాదాపు సగం తగ్గిందని 2018లో ఒక పరిశోధన తేల్చింది. ఇన్ఫెక్షన్లు తగ్గితే మందుల వాడకమూ తగ్గుతుంది కాబట్టి, శుభ్రమైన మరుగుదొడ్డి కట్టించడం కూడా యాంటీబయాటిక్‌లను కాపాడుకోవడమేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఒకప్పుడు నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకుంటే తగ్గిపోయేది. ఇప్పుడు మన పెద్దాసుపత్రుల్లో, మూత్రంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్ పరీక్షల్లో సగానికి పైగా ఇ.కోలై సిప్రోకు లొంగడం లేదు. సెఫిక్సిమ్ లాంటి మందులను ముక్కలు చేసే ఎంజైములను తయారుచేయడమూ నేర్చుకుంది. ఆ విద్యను జన్యువుల రూపంలో పక్క బ్యాక్టీరియాకూ పంచుతుంది. మరింత బలమైన మందులనూ ఓడించే ఎంజైమైన ఎన్‌డీఎం-1ను మొదట గుర్తించింది న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ వెళ్లిన ఒక రోగి మూత్రంలోనే, 2008లో. బ్యాక్టీరియా ఇలా మందులకు లొంగకపోవడానికి తప్పంతా ఆ మాత్రలు దాచుకున్న మహిళదే అనడం అన్యాయం. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో, మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికి వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లోనే శాస్త్రవేత్తలు ప్రకటించారు.

దారులు పూర్తిగా మూసుకుపోలేదు. 1950ల నాటి నైట్రోఫ్యురంటాయిన్ మూత్రాశయానికే పరిమితమైన ఇన్ఫెక్షన్‌లో ఇప్పటికీ చాలామందికి పనిచేస్తోంది. నీళ్లలో కలుపుకొని ఒక్కసారి తాగే ఫాస్ఫోమైసిన్ పొడి ఉంది. ఏది ఎవరికన్నది డాక్టరు చెప్పాలి. మళ్లీ మళ్లీ వస్తుంటే మొదటి మాత్ర వేసుకోకముందే కల్చర్‌కు మూత్రం ఇవ్వాలి: మొదటి ధార వదిలేసి, మధ్య ధార పట్టాలి. రెండు మూడు రోజుల్లో వచ్చే రిపోర్టులో ‘ఎస్’ ఉన్న మందు పనిచేస్తుంది, ‘ఆర్’ ఉన్నది చేయదు. ఈ పరీక్ష ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచీ ఉచితంగా అందాలి.

ఏ బాధా లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా కనిపించినంత మాత్రాన చాలామందికి మందే అక్కర్లేదు. గర్భిణులకు మాత్రం తప్పకుండా వైద్యం చేయాలి. చలి జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు మొదలైతే ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకి ఉండవచ్చు. ఎవరైనా సరే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.