అణుచెత్తకు పాతర: గోర్లెబెన్ రైతులు అడిగిన ప్రశ్న

జొన్నలు పాతరెయ్యాలంటే మన రైతు ముందు ఏం చూస్తాడు? ఆ నేలలో చెమ్మ ఉందా, వాన నీరు దిగుతుందా అని చూస్తాడు. గింజ ఆరిందో లేదో పంట కొరికి చూస్తాడు. ఈ రెండూ చూడనివాణ్ణి ఊళ్ళో వెర్రివాడంటారు. అణువిద్యుత్ కేంద్రాల చెత్తను భూమిలో పాతరేసే దగ్గర మహా మహా ప్రభుత్వాలే ఈ రెండూ సరిగా చూడలేదు. చూడమని నిలదీసింది పల్లెటూరి రైతాంగం.

ఇది జర్మనీ సంగతి. 1977 ఫిబ్రవరి 22న దిగువ సాక్సనీ రాష్ట్ర ముఖ్యమంత్రి ఎర్న్‌స్ట్ ఆల్‌బ్రెహ్ట్ గోర్లెబెన్ అనే చిన్న ఊరి పేరు ప్రకటించాడు. ఎల్బే నది పక్కన, అప్పటి తూర్పు జర్మనీ సరిహద్దుకు ఆనుకుని ఉన్న సేద్యపు సీమ అది. దాని కింద పెద్ద ఉప్పు గుట్ట ఉంది. వాడేసిన ఇంధనాన్ని శుద్ధిచేసే ఫ్యాక్టరీ పైన, చెత్తకు పాతర కింద. ఇదీ పాలకుల పథకం.

ఉప్పే ఎందుకంటారా? లోతున ఉండే ఉప్పు ఎండురాయి. వేడిని లాగేస్తుంది. పై బరువుకు మెల్లగా జరిగి తన పగుళ్ళు తానే పూడ్చుకుంటుంది. ఇంతవరకు ఇంజనీర్ల మాట నిజమే. కానీ ఉప్పుకు నీళ్ళు తగిలితే ఏమవుతుందో వంటింట్లో ఉప్పు జాడీ ఉన్న ప్రతి తల్లికీ తెలుసు. అందుకే పైన బంకమట్టి మూత గట్టిగా ఉండాలి. గోర్లెబెన్‌లో ఆ మూత కొంతమేర లేనే లేదు, మంచుయుగంలో పారిన నీళ్ళు కోసుకుపోయాయి. క్లాస్ డూప్‌హోర్న్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1980ల మొదట్లోనే హెచ్చరించాడు. విన్నవాడు లేడు.

రైతులు శాస్త్రవేత్త చెప్పేదాకా ఆగలేదు. 1979 మార్చి 25న ట్రాక్టర్లు కట్టుకుని హానోవర్‌కు బయలుదేరారు. దారిలో ఉండగానే, 28న, అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ ప్రమాదం జరిగింది. 31న నగరం చేరేసరికి సుమారు లక్షమంది అయ్యారు. మే నెలలో ముఖ్యమంత్రి దిగొచ్చి, ఫ్యాక్టరీ రాజకీయంగా కుదరదన్నాడు. పాతర మాట మాత్రం వదల్లేదు. 1980లో జనం బోరు వేసే చోటే గుడిసెలు వేసుకుని నెలరోజులు కూర్చున్నారు. జూన్ 4న పోలీసులు వాటిని కూలదోశారు. అక్కడి పెద్ద భూస్వామి కౌంట్ బెర్న్‌స్టార్ఫ్ కూడా అణు కంపెనీకి భూమి అమ్మనన్నాడు. భూస్వామి అయినంత మాత్రాన ఆ నిజం దాచనక్కర్లేదు.

రైతులది ఉత్త భయమా? అదే రాష్ట్రంలో ఆస్సె అనే పాత ఉప్పు గని సంగతి చూడండి. 1967 నుంచి 1978 దాకా అందులో దాదాపు 1,26,000 పీపాల చెత్త దించారు. పేరుకు పరిశోధన! 1988 నుంచి గనిలోకి నీళ్ళు ఊరుతున్నాయి. రోజుకు 12 వేల లీటర్ల లెక్కన పట్టి తోడుతూ వచ్చారు. పోనీ, పీపాల్లో ఏముందో లెక్క ఉందా? ప్లుటోనియం 9.6 కిలోలని చెప్పినవాళ్ళే 2009లో కాదు, 28 కిలోలన్నారు. ఆ సరుకు సగానికి తరగాలంటే 24 వేల ఏళ్ళు కావాలి. 2013లో పీపాలన్నీ మళ్ళీ పైకి తియ్యాలని చట్టం చేశారు. దిగి తియ్యాల్సింది ఎవరు? కార్మికులే.

సరుకేమిటో చూడకుండా మూత బిగిస్తే ఏమవుతుందో అమెరికాలోనూ తేలింది. న్యూమెక్సికోలో 655 మీటర్ల లోతున, ఉప్పు పొరలో, అణ్వాయుధాల తయారీ చెత్తను పూడుస్తారు. 2014 ఫిబ్రవరి 14 రాత్రి అక్కడ ఒక పీపా పగిలింది. తడి పీల్చడానికి లాస్ అలమోస్ ప్రయోగశాలలో మట్టితో చేసిన పొడికి బదులు గోధుమతో చేసిన పొడి కలిపారు, పెంపుడు పిల్లుల కింద వేసే రకం. అది నైట్రేటు లవణాలతో కలిసి, తడిసిన గడ్డివాములా లోలోపల వేడెక్కింది. ఇరవైమందికి పైగా కార్మికుల ఒంట్లోకి కొద్దిపాటి విషం చేరింది. దాదాపు మూడేళ్ళు గనిలో పూడ్చే పని ఆగిపోయింది.

గోర్లెబెన్ పేరును జాబితాలోంచి కొట్టేసింది 2020 సెప్టెంబరు 28న. ఉప్పు పైనున్న నేల సరిగా లేదన్నదే ముఖ్య కారణాల్లో ఒకటి. నలభై మూడేళ్ళు పట్టింది. అయినా 1995 నుంచి 2011 దాకా పోలీసు కాపలాతో తెచ్చి దించిన పీపాలతో కలిపి 113 పెద్ద ఇనుప పీపాలు ఆ పొలాల దాపునే, ఒక షెడ్డులో, అలాగే నిలబడి ఉన్నాయి. వాటిని పది లక్షల ఏళ్ళు దాచే చోటు కోసం జర్మనీ ఇంకా వెతుకుతూనే ఉంది.